తీసి చూసే శాస్త్రం

మా ఊరి నర్సమ్మ సువార్తను తీసేసి దూరం ఊరికి పంపినారు. ఆమె చోట ఎవరినీ వేయలేదు. అందరూ దాన్ని అన్యాయం అన్నారు. నేను అనను. అది పరిశోధన!

నవ్వకండి. మా చెల్లెలి కూతురు గౌతమి అనంతపురంలో ఒక ల్యాబులో పని చేస్తుంది. చెట్టు మొద్దుల మీద పుట్టే ఎర్ర పుట్టగొడుగు ఉంది కదా, మందులకు వాడేది, దాని జన్యువుల్లో ఏది ఏ పని చేస్తుందో కనిపెట్టడం ఆమె ఉద్యోగం.

ఎట్లా కనిపెడతారు? ఒక జన్యువును పని చేయకుండా చెడగొడతారు. పుట్టగొడుగులో మందు తగ్గితే, ఆ మందు తయారీ దాని పనే అని తేలినట్టు. చెడగొట్టే సరుకును ఒక బ్యాక్టీరియా మోసుకుపోయి లోపల దించుతుందట. మా మండలం బెళుగుప్ప నుంచి మా ఊరికి బస్సు లేదు, పుట్టగొడుగుకు ఉంది!

ఇదే పద్ధతిని పైవాళ్ళు మా మీద ప్రయోగించినారు. ఎంత గౌరవం! నర్సమ్మ ఏం చేస్తుందని అడిగితే ఎవరైనా చెబుతారు. అడిగితే అది శాస్త్రం అవుతుందా? తీసి చూడాలి.

ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చినాయి. పిల్లల టీకాలు ఆగినాయి. జ్వరం బిళ్ళలు బీడీల అంగట్లో దొరికినాయి. మా పక్కింటి వీరప్ప జ్వరంతో పోయి పశువుల డాక్టరు ముందు సూదికి చెయ్యి చాపినాడు.

"నాలుగు కాళ్ళుంటేనే నేను చూసేది అన్నా" అన్నాడాయన.

"అట్లయితే వంగుతా సార్" అన్నాడు వీరప్ప.

నా భార్య చిన్నక్కకు బీపీ. వారం వారం చేతికి పట్టీ చుట్టి చూసి, బిళ్ళలిచ్చేది సువార్తే. బిళ్ళలు ఆగినాయి. చిన్నక్క శనక్కాయ చేన్లో కలుపు తీస్తా కూలబడింది. మళ్ళీ లేవలేదు. నర్సమ్మ ఏం పని చేసేదో ఆ పొద్దు పూర్తిగా తేలింది.

మొన్న గౌతమి వస్తే అడిగినాను. "తీసి చూస్తే అయిపోయినట్టేనా అమ్మీ?"

"యాడయితాది మామా! తీసినదాన్ని మళ్ళా పెట్టి చూస్తాం. మందు మళ్ళా తయారైతేనే రుజువు."

మా పైవాళ్ళు అదీ మరవలేదు సుమా! ఉగాది దాటినాక సువార్తను తిరిగి మా ఊరికే వేసినారు. టీకాలు మొదలైనాయి. జ్వరాలు తగ్గినాయి. రుజువైంది.

"మధ్యలో చచ్చిపోయిన పుట్టగొడుగులను ఏం చేస్తారు?" అని గౌతమిని మళ్ళా అడిగినాను.

"పారేస్తాం మామా, వేరేవి ఉంటాయి కదా" అంది.

ఆ పిల్ల తప్పేం లేదు. దానికి వేరేవి ఉంటాయి. నాకు ఒక్కతే ఉండింది.

నిన్న సువార్త పట్టీ తీసుకుని మా గడపలోకి వచ్చింది. "నీకూ బీపీ చూస్తానన్నా, చెయ్యి ఇట్లియ్యి" అంది. వాళ్ళ రుజువుకు నా చెయ్యి కూడా కావాల్నా? ఇవ్వలేదు.

ఈ సంగతి ఇంక మాట్లాడను. ఎవరూ అడగవద్దు.