పన్నుల విభాగం మాట చెల్లిన రోజు

వ్యాపార రూపాంతరంలో పన్నుల విభాగం పాత్ర అత్యంత కీలకమైనది. ఎంత కీలకమంటే, దాన్ని చివరిదాకా ఎవరూ ముట్టుకోకుండా భద్రంగా దాచి ఉంచుతారు.

మా కంపెనీని డిజైన్‌కు ఒకటి, మిగతా విభాగాలకు ఒకటి చొప్పున రెండు కంపెనీలుగా విడదీయాలని ఏడాదిన్నర క్రితం తీర్మానించారు. కొత్త రంగులు, కొత్త కుర్చీలు, కొత్త నినాదం ఖాయమయ్యాయి. పన్నుల విభాగానికి (అంటే మేం నలుగురం, ఒక ప్రింటరు) ఆ సంగతి పోయిన సోమవారం తెలిసింది. అభిప్రాయం చెప్పడానికి ఐదింటిదాకా గడువిచ్చారు. మెయిల్ వచ్చింది నాలుగుంబావుకి.

నాకు పెళ్ళయి ఇరవై మూడు రోజులు. మా ఆయన అదే భవనంలో, పై అంతస్తులో, డిజైన్ విభాగం. మధ్యాహ్నం అరగంట క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరం ఒకే డబ్బాలో తింటాం. మూత ఆయనే తీస్తారు (నాకు రాక కాదు). ప్రస్తుతం ఈ లోకంలో నాకు అంతకన్నా కావలసింది లేదు.

అయినా ఉద్యోగం ఉద్యోగమే. నలభై ఒక్క నిమిషాల్లో నలభై ఒక్క అభ్యంతరాలు రాశాం. గోదాము ఒకరిదీ సరుకు మరొకరిదీ అయితే, పెట్టెను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపినా పన్ను పడే ప్రమాదం ఉందన్నది మొదటిది. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి కదా అని నలభై రెండోది నేను చేర్చాను. క్యాంటీన్ డిజైన్ కంపెనీ వాటాకు వెళ్తోంది, మనవాళ్ళు అక్కడ ఊరికే కూర్చుంటే అది ఉచిత సేవ అవుతుంది, దానికీ లెక్క చూపాలి అని.

రాసి ఎంత మురిసిపోయానో. మా విభాగాధిపతి చదివి, "ఉండనీ అమ్మాయ్, మన మాట ఎవరు వింటారు గనక" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఈ విడదీసే పనంతా చూసే రూపాంతర సంచాలకుడు స్వయంగా మా గదికి వచ్చారు. పదకొండేళ్ళలో ఇదే తొలిసారి (దారి తెలియక రెండుసార్లు స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళారట). నలభై ఒక్క అభ్యంతరాలను ఉపసంఘానికి పంపామనీ, ఆ ఉపసంఘాన్ని ఇంకా వెయ్యలేదనీ తెలియజేశారు. చివరిదాన్ని మాత్రం మనసారా మెచ్చుకున్నారు.

"వెంటనే అమలు చెయ్యగలిగింది ఇదొక్కటేనమ్మా."

పన్నెండు కాకముందే క్యాంటీన్ గుమ్మానికి డిజైన్ వాళ్ళ కార్డులనే ఒప్పుకునే యంత్రం బిగించారు. నా కార్డుకు ఎర్రదీపం వెలిగింది. అద్దం అవతల మా ఆయన డబ్బా ముందు పెట్టుకుని ఫోన్ చేశారు.

"ఈ రూలు పెట్టిందెవడోయ్? వాడికి పెళ్ళయినట్టు లేదు."

విచారించి చెప్తానన్నాను.

రూపాంతరం తొలిదశ విజయవంతంగా ముగిసిందని సాయంత్రం ప్రకటన వెలువడింది. కంపెనీలు రెండూ కాగితం మీద విడిపోవడానికి ఇంకా ఆరు నెలలు పడుతుందట. ప్రస్తుతానికి అధికారికంగా వేరుపడింది మేమిద్దరమే.