ఎలీసమ్మ చేతిలో మైకు

శనివారం పొద్దున్న ఎలీసమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఆ రోజు కొబ్బరి లౌజు చేసి డబ్బాలకెత్తాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు తన ప్రయాణం కోసం ఓ ఐదు నిమిషాలు ప్రార్థన చేస్తారు. సోమవారం సాయంత్రం హైదరాబాదు బస్సు, మంగళవారం విమానం. బుధవారానికి ఆఫ్రికాలోని మలావీ దేశంలో, స్టీఫెన్ గారింట్లో, కవలలు సారా, బన్నీ ఇద్దరూ తన చెరో భుజం మీదా ఉండాలి.

స్టీఫెన్ గారిది అమలాపురం. భార్య జెస్సీ గారితో కలిసి ఆ దేశంలో మిషనరీ పని చేస్తున్నారు. నాలుగేళ్ళ కిందట జెస్సీ గారికి కవలలు పుడతారని తెలిసి, ఆయా కావాలని కబురు పంపితే, వస్తానన్నది ఎలీసమ్మ ఒక్కతే. అప్పటికామెకు నలభై తొమ్మిదేళ్ళు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇంగ్లీషు రాదు, అక్కడి భాష పేరు కూడా తెలియదు. వెళ్ళింది. ఆరు నెలలకి అక్కడి సంతలో బేరమాడింది. ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల పల్లెల్లో తల్లులకు పిల్లల్ని ఎలా సాకాలో నేర్పుతోంది. మగవాళ్ళు చాలామంది పక్కనున్న గన్నవరం దాటకుండానే ముసలివాళ్ళయిపోయిన ఊరు ఆమెది.

నెల రోజుల సెలవు మీద వచ్చింది. దిగింది అన్న కృపారావు ఇంట్లో. ఈమధ్య భార్య పోయిన దగ్గర్నుంచి కృపారావుకు చెల్లెలంటే వేడి అన్నం. అంతకుమించి ఆమె గురించి ఆయన ఎన్నడూ ఆలోచించి ఎరగడు.

తిరిగి వెళ్ళాలంటే ఒక ఉత్తరం కావాలి. ఈమె మా ఇంట్లో ఆయా, బోధించడానికి రావడం లేదు అని స్టీఫెన్ గారు సంతకం చేసి పంపాలి. అది చూపించకపోతే విమానం ఎక్కనివ్వరు. ఎలీసమ్మ ఫోను నిండా పిల్లల ఫోటోలే, చోటు లేదు. అందుకని ఉత్తరం కృపారావు ఫోనుకు పంపుతానన్నారు. ఇంకా రాలేదట. రాకపోతే మిగిలిన జన్మంతా అన్న వంటింట్లోనే.

కృపారావుకు ఇంకో బాధ ఉంది. ఆయా అన్న మాట ఆయన నోటికి రాదు. అయితే చెల్లెలు ఆఫ్రికా వెళ్తోందన్న సంగతి ఊరికి తెలియాలి. గన్నవరం సెంటరులో ఫ్లెక్సీ కట్టనిదే ఆ చుట్టుపక్కల ఏదీ జరిగినట్టు కాదు కనుక, ఆ పొద్దున్నే తాతాజీ ఫ్లెక్సీల షాపుకు వెళ్ళాడు.

"మా చెల్లెలండి. రేపు ప్రయాణం ప్రార్థన. మూడడుగులది చాలు" అని ఫోన్లో ఫోటో చూపించాడు.

"అక్కడేం చేస్తారండి ఆవిడ?" అన్నాడు తాతాజీ.

కృపారావు ఏటి మీది ఆక్విడక్టు వంతెన వైపు చూశాడు. దాని మీద కొబ్బరికాయల లారీ వెళ్తోంది. అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా చూసి, "మిషనరీ గారింట్లో ఉంటుంది" అన్నాడు.

"అంటే మిషనరీ గారి కుటుంబవే అన్నమాట."

కృపారావు కాదనలేదు.

"ముందే చెప్పాలి కదండీ! మూడడుగులేంటండి, పన్నెండు వేద్దాం. ఆవిడ స్థాయి ఏంటి, మన స్థాయి ఏంటి!"

తాతాజీ దగ్గర ఉన్నవి నాలుగు రకాలే: పెళ్ళి, ఓణీల ఫంక్షను, సంతాపం, సువార్త సభ. ప్రపంచంలో మనుషులకు జరిగేదేదైనా ఆ నాలుగింటిలో ఒకదానిలో ఇమడాలి. ఎలీసమ్మను నాలుగో దానిలో ఇమిడ్చాడు.

మధ్యాహ్నం ఏలకుల కోసం సెంటరుకొచ్చిన ఎలీసమ్మ ఆటో దిగి తల ఎత్తింది. ఆకాశంలో తనే ఉంది. వెనకాల మంటలు, ఆఫ్రికా పటం, ఒక సింహం. 'అంతర్జాతీయ మిషనరీ సిస్టర్ ఎలీసమ్మ గారి స్వస్థత మహాసభ. రోగులకు ప్రత్యేక ప్రార్థన.' ఏలకులు మరిచిపోయి షాపులోకి నడిచింది.

"ఏవండీ, ఆ ఫోటోలో నా చేతిలో పాలసీసా ఉండాలి."

"తీసేసేనండి. ఇంతటి మనిషి సీసా పట్టుకుంటే ఏం బాగుంటాదండి? ఆ చేతిలో మైకు పెడితే ఇట్టే సరిపోయింది."

"ఒళ్ళో పిల్లాడుండాలి."

"పిల్లాణ్ణి పావురం చేసేనండి."

ఎలీసమ్మ కాసేపు ఆ పావురాన్ని చూసింది. "రోగులకు ప్రార్థనని ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అన్లేదండి. పాత సభదాన్లో ఉంది. సభన్నాక ఉంటాది కదాని ఉంచేసేను."

"ఇప్పుడే విప్పెయ్యండి."

"విప్పినా లాభం లేదండి. ఫోటో అన్ని గ్రూపుల్లోకీ ఎల్లిపోయింది. పాస్టరు గారు షామియానా కూడా చెప్పేసేరు."

ఆమె అటునుంచి అటే పాస్టరు గారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని కుర్చీలకు ఫోను చేస్తున్నారు.

"మూడు సంఘాలవాళ్ళు వస్తున్నారమ్మా. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేను బోధిస్తున్నానని తెలిస్తే స్టీఫెన్ గారు ఉత్తరం ఎలా రాస్తారండి, అయ్యగారూ? నా వీసాలో ఆయా అని ఉంది."

"అంతా దేవుడు చూసుకుంటాడమ్మా."

"దేవుడు చూసుకుంటాడండి. వీసావాళ్ళు కూడా చూస్తారు."

ఇంటికొచ్చి అన్నను నిలదీసింది. కృపారావు కంగారు పడలేదు. కంచం ముందు కూర్చునే జవాబు చెప్పాడు.

"పోతే పోయిందిలే ఆ ఉద్యోగం. ఇక్కడ నీకు లోటేంటి? వంటిల్లుంది. నేనున్నాను."

ఎలీసమ్మ ఆ రెండింటినీ మార్చి మార్చి చూసింది. "రేపు ఆ మైకులోనే నిజం చెప్పేస్తాను" అంది.

ఆదివారం షామియానా చాలలేదు. జనం కొబ్బరిచెట్ల కింద కూడా నిలబడ్డారు. ఎవరో ఫోను కర్రకు కట్టి యూట్యూబులో లైవు పెట్టారు. ఎలీసమ్మ రోజూ కట్టే నేత చీరతోనే వేదిక ఎక్కింది.

"అందరికీ వందనాలండి. ఆ ఫ్లెక్సీలో రాసింది అబద్ధం. నేను మిషనరీని కాదు. మిషనరీ గారి పిల్లలకి ఆయాని. నీళ్ళు పోస్తాను, అన్నం పెడతాను, ముడ్డి కడుగుతాను. నాకు ప్రసంగం రాదు. జబ్బులు నయం చెయ్యడం అసలే రాదు."

అప్పుడు ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత తగ్గింపు మనసండీ!" అన్నాడు.

పాస్టరు గారు మైకు అందుకున్నారు. "విన్నారా సంఘమా? ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగేరు. మన సహోదరి అంతకన్నా..." అని, ఆ తర్వాత మాట దొరక్క, "స్తోత్రం!" అన్నారు.

"స్తోత్రం!" అంది జనం.

"అయ్యో, నిజంగానే ఆయానండి!"

"స్తోత్రం!"

ఇంత తిన్నగా నిజం చెప్పిన మనిషిని ఆ వేదిక అంతకు ముందు చూడలేదు. చూసినా పోల్చుకోలేకపోయింది.

అంతలో జనాన్ని తోసుకుంటూ లక్ష్మీతులసి అనే పిల్ల వచ్చింది. ఏటి లంక అవతల చేపల వేటకెళ్ళేవాళ్ళ కోడలు. ఫ్లెక్సీ చూసి పడవ దాటి వచ్చిందట. చేతిలో నాలుగు నెలల బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది.

"రెండ్రోజుల నించి ఇదే ఏడుపండి. వాము నీళ్ళు పట్టేం, దిష్టి తీసేం. ఆగట్లేదు. మీ చెయ్యి పెట్టండమ్మా!"

చెయ్యి పెట్టమంటే ఎలీసమ్మకు తెలిసింది ఒకటే. బిడ్డను తీసుకుని వేదిక మీదే చాప పరిపించింది. కడుపు నొక్కి చూసింది, మెత్తగానే ఉంది. చెవులు చూసింది, నోట్లో వేలు పెట్టి చూసింది. లంగోటా విప్పింది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని బిగ్గరగా ప్రార్థిస్తున్నారు. ఎలీసమ్మ కళ్ళు తెరిచే ఉంచుకుని, చివరికి బిడ్డ ఎడమకాలి మేజోడు లాగింది.

నాలుగో వేలు వంకాయ రంగుకు తిరిగి ఉంది. దాని మొదట్లో ఒక వెంట్రుక మూడు చుట్లు చుట్టుకుని చర్మంలోకి దిగిపోయింది. ఎలీసమ్మ సంచిలోంచి పిల్లల గోళ్ళు తీసే చిన్న కత్తెర తీసి, ఊపిరి బిగబట్టి తెంపింది. బిడ్డ రెండు వెక్కిళ్ళు పెట్టి, ఆమె కొంగు గుప్పిట పట్టుకుని నిద్రపోయింది.

"నీ జుట్టేనమ్మా. బాలింతకి జుట్టు రాలతాది, మేజోట్లో పడి చుట్టుకుంది. రోజూ విప్పి చూసుకోవాలి. వేలు మామూలు రంగుకి రాకపోతే సాయంత్రం లోపల ఆస్పత్రిలో చూపించు."

ఇదంతా మైకులో వినిపించింది. ఎవరూ వినలేదు. వెంట్రుక ముందు వరసలో నలుగురికి కనబడింది. మిగిలినవాళ్ళకు కనబడింది తల వంచిన ఎలీసమ్మ, ఆగిన ఏడుపు. స్తోత్రాల కేకలకి షామియానా లేచిపోయిందంటే నమ్మాలి. సాయంత్రానికి లంకల్లో ఆ బిడ్డ చచ్చి బతికింది. కథ రాజోలు చేరేసరికి చచ్చి బతికింది కవలలు.

ఐదు గంటలకు స్టీఫెన్ గారు వీడియో ఫోను చేశారు. చొక్కా మీద పప్పు, భుజం మీద ఏడుస్తున్న సారా. వెనక గదిలో గిన్నెలు పడుతున్న చప్పుడు. అంటే బన్నీ కూడా క్షేమమే.

"ఎలీసమ్మ గారూ, సభ చూసేనండి. ఇక్కడికి కూడా వచ్చింది."

ఎలీసమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది. "అయ్యగారూ, మిషనరీనని నా నోటితో ఒక్క ముక్క అన్లేదండి. ఆయానని రెండుసార్లు చెప్పేను. నన్ను మాన్పించకండి."

"మాన్పించడమా! మీరెళ్ళేక నేనూ జెస్సీ ఒక్క పల్లెకీ ఎళ్ళలేదండి. ఈళ్ళని వదిలి ఎలా ఎళ్తాం? మొన్న పల్లెవాళ్ళే ఇంటికొచ్చి, మిషనరీ గారు ఎప్పుడొస్తారని అడిగేరు. ఎదురుగా ఉన్నాను కదా అన్నాను. మీరు కాదు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చే అమ్మ అన్నారు."

"అయ్యో, నేను ఆయానని చెప్పకపోయేరాండి?"

"చెప్పేనండి. నమ్మలేదు." ఆయన సారాను రెండో భుజానికి మార్చుకున్నారు. "ఇది రెండ్రోజుల నించి అన్నం తినట్లేదండి."

"చెంచాతో పెడుతున్నారా?"

"ఆయ్, చెంచాతోనేనండి."

"చేత్తో పెట్టండి. ముద్ద చిన్నది చెయ్యండి. ప్రార్థన తర్వాత చేద్దురు గాని, ముందు ముద్ద."

దూరదేశంలో పెద్ద పెద్ద సభల్లో మాట్లాడే ఆ మనిషి చెంచా పక్కన పెట్టి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. లేస్తూ, "రేపు బస్సు మాత్రం తప్పిపోనివ్వకండి. ఉత్తరం జాగ్రత్తగా పెట్టుకున్నారు కదా?" అన్నారు.

"ఏ ఉత్తరం అండి?"

"శుక్రవారమే పంపేను కదండీ, మీ అన్నయ్యగారికి. చూసినట్టు నీలం టిక్కులు కూడా పడ్డాయి."

ఎలీసమ్మ పక్కకు చూసింది. కృపారావు లేచి, ఎన్నడూ చూడని పెరట్లోని అరటిచెట్టును శ్రద్ధగా చూస్తున్నాడు. బయటికి మిషనరీ, ఇంట్లో వంటమనిషి: ఆయన కోరుకున్న చెల్లెలు అది. ఫ్లెక్సీ వేయించిన చేత్తోనే ఉత్తరం దాచాడు.

"ఎప్పుడు చెబుదామనుకున్నావు, అన్నయ్యా?"

"సభ అయ్యాక చెబుదామని..."

"బస్సు ఎల్లిపోయాకా?"

ఎలీసమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ఆయన ఫోను తీసుకుని ఉత్తరం రెండు కాపీలు తీయించుకుని వచ్చింది. లౌజు డబ్బాలన్నీ పెట్టెలో సర్దింది. అన్నీ.

సోమవారం సాయంత్రం బస్సు దగ్గరికి మూడు సంఘాలవాళ్ళూ వచ్చారు. లక్ష్మీతులసి బిడ్డను మేజోళ్ళు లేకుండా తీసుకొచ్చింది. కృపారావు దండ పట్టుకుని ముందు నిలబడి, వచ్చినవాళ్ళకల్లా "మా చెల్లెలండి" అని చెప్పాడు. బస్సు కదిలింది. ఎలీసమ్మ పిల్లల్లేని ఒడిలో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ వెళ్ళింది.

మంగళవారం మధ్యాహ్నం కృపారావు తన అన్నం తనే వండుకున్నాడు, అది మాడింది.