మాటుకు మూడు రోజుల విశ్రాంతి

ఒక పెద్ద అడవిలో చిరుతకు ఆకలి వేసింది కాబట్టి అడవి మొత్తం సంక్షోభంలో పడిందని ప్రకటించారు.

నిజానికి అప్పటికి నెల రోజులుగా దుప్పులకు దాహం వేస్తోంది. కానీ దాన్ని సంక్షోభం అనలేదు. ఎండాకాలం అన్నారు.

అడవి మధ్యలో ఒక మడుగు ఉంది. దాని మీదికి వంగిన నల్లమద్ది చెట్టు ఉంది. చిరుతదొర ఆ చెట్టు మొదటి కొమ్మ మీద మాటు వేసేవాడు. కింద దుప్పి నీళ్ళకు తల వంచగానే పైనుంచి దూకేవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే రోజూ అదే కొమ్మ, అదే వేళ. నాలుగు దుప్పులు పోయేసరికి మిగతావి రావడం మానేశాయి. దొర మూడు వారాలు ఉత్తి కడుపుతో కొమ్మ బెరడు గోకుతూ కూర్చున్నాడు.

"మాటు అలసిపోయింది దొరా," అని తేల్చాడు ఆయన కార్యదర్శి పునుగయ్య. పునుగయ్య పునుగుపిల్లి. ఎక్కడికి వెళ్ళినా ముందు వాసన, వెనక తను. "వేటకీ వేటకీ మధ్య చోటుకు కాస్త విశ్రాంతి ఇవ్వాలి. ఈలోగా దుప్పులు మరిచిపోతాయి. మళ్ళీ వస్తాయి."

"ఎన్ని రోజులు?"

"అది మనం చెబితే బాగోదు దొరా. కమిషన్ చెబితే బాగుంటుంది."

అలా విశ్రాంత న్యాయమూర్తి రాబందు గారితో ఏకసభ్య కమిషన్ ఏర్పడింది. వేటతో ఆయనకు ఏ సంబంధమూ లేదు, భోజన సంబంధం తప్ప. విచారించాల్సింది ఒక్కటే: దుప్పి తన భయాన్ని ఎన్ని రోజుల్లో మరిచిపోతుంది?

ఈ కబురు ఎండిన వాగులో చెలమ తవ్వుతున్న గోరింటకు చేరింది.

గోరింట ఎర్రటి ఒళ్ళున్న ఆడదుప్పి. మడుగు దగ్గర పోయిన నలుగురిలో ఆఖరిది ఆమె అక్క మంకెన. ఆ సాయంత్రం గోరింట అక్క పక్కనే ఉంది. ఆ తర్వాత మళ్ళీ అటు వెళ్ళలేదు. వాగు ఇసుకను గిట్టలతో తవ్వేది. ఊరిన గుక్కెడు నీళ్ళూ ముందు పిల్లలిద్దరికీ తాగించేది. ఒకటి తన కూతురు, ఒకటి మంకెన కూతురు. మళ్ళీ ఊరేదాకా కాచుకుని తను తాగేది. నీళ్ళు రోజురోజుకీ లోతుకు దిగుతున్నాయి. తొలకరికి ఇంకా రెండు నెలలుంది.

అందాకా మాటుకు విశ్రాంతి రాయిస్తే పిల్లలు మడుగులో మూతి ముంచి కడుపునిండా తాగొచ్చు అనుకుంది గోరింట. సాక్ష్యం చెప్పడానికి బయలుదేరింది.

"పేరు గోరింట. వృత్తి?" అని అడిగాడు పునుగయ్య.

"పిల్లల్ని బతికించడం."

పునుగయ్య 'ఏమీ లేదు' అని రాసుకున్నాడు.

రాబందు గారు మెడ సాగదీశారు. "చూడమ్మా, ఒకసారి బెదిరిన చోటిని నువ్వు ఎన్నాళ్ళకు మరిచిపోతావు?"

"మరిచిపోనండి."

"అది జవాబు కాదు. అంకె చెప్పాలి."

"మా అక్క మెడ విరిగిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉందండి. దానికి అంకె ఏం చెప్పను?"

"ఆవేశపడకు."

"ఆవేశమేం లేదండి. మెల్లగానే చెబుతున్నాను."

"సాక్షి మెల్లగా ఆవేశపడుతోంది," అని రాయించారు రాబందు గారు.

గోరింట ఒక అడుగు ముందుకు వేసింది. "సరే, అంకే కావాలంటే రాసుకోండి. రెండు నెలలు. తొలకరి దాకా మాటు ఎక్కకపోతే, అప్పుడు చూస్తాం."

పక్క బండ మీద కూర్చున్న చిరుతదొర తోక ఒకసారి రాతిని కొట్టింది. "రెండు నెలలా? అందాకా నేనేం తినాలి?"

"దొరగారి ప్రశ్నలో న్యాయం ఉంది," అన్నారు రాబందు గారు. "దుప్పుల్లో బాధ్యత తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నాడు. దుప్పుల సంక్షేమ సంఘం అధ్యక్షుడు కొమ్మలరాయుడు ముందుకొచ్చాడు. చనిపోయిన మంకెనకు మొగుడు. అతని కొమ్ములు మరీ పెద్దవి కావడంతో ఏ పొదలోకీ దూరలేక ఎప్పుడూ బయటే నిలబడేవాడు. దాన్నే అందరూ ధైర్యం అనుకునేవారు.

"అయ్యా, మా ఆడవాళ్ళ మాటలు లెక్కలోకి తీసుకోకండి. పోయినవాళ్ళని తలుచుకుంటూ కూర్చోవడం వాళ్ళకి అలవాటు. మగదుప్పికి భయమంటూ వేస్తే కదా, గుర్తుండడానికి! మూడు రోజులు చాలు. నాలుగో రోజుకి మాకేమీ గుర్తుండదు."

"రుజువు?"

"నన్నే చూడండి. మా ఆవిడ పోయిన నాలుగో నాడు కొమ్ములకు కొత్త మట్టి పూసుకుని పెళ్ళిచూపులకి వెళ్ళాను."

మగదుప్పులన్నీ గిట్టలు నేలకు కొట్టి హర్షించాయి.

"వచ్చింది నా దగ్గరికేనండి," అంది గోరింట. "నేను తన్ని పంపించాను. ఆ దెబ్బైనా గుర్తుందేమో అడగండి."

ఆ మాటను రికార్డులోంచి తొలగించారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దుప్పుల సంక్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని వేటకీ వేటకీ మధ్య మాటుకు మూడు రోజుల విశ్రాంతి. నాలుగో రోజు సాయంత్రం దుప్పులు అంతా మరిచిపోయి మడుగుకు రావాలి.

"అయితే ఆ మూడు రోజులూ మా పిల్లలు వచ్చి తాగొచ్చా?" అని అడిగింది గోరింట.

పునుగయ్య జాలిగా నవ్వాడు. "విశ్రాంతి మీకు కాదమ్మా, మాటుకి. ఆ మూడు రోజులూ అక్కడ ఎవరూ అలికిడి చేయకూడదు. గీత దాటితే శిక్ష. శిక్ష వేసేది దొరగారే."

ఆ మర్నాడే సంఘం సమావేశమైంది.

"నాలుగో రోజు ఆడా మగా అందరూ కదలాలి," అన్నాడు రాయుడు. "మనం ఇచ్చిన మాట పోకూడదు."

"మనం కాదు బావా, నువ్వు ఇచ్చిన మాట."

"పట్టపగలు ఇసుక గుంటలో మూతి పెట్టి తాగుతారా? జాతికే తలవంపులు!"

"మడుగులో తాగినా తల వంచే తాగాలిగా. పైన ఎవరు కూర్చున్నారన్నదే తేడా."

ఆడదుప్పులు పకపకా నవ్వాయి. దాంతో వాళ్ళని పిరికిపందలుగా గుర్తిస్తూ, సంఘం నుంచి వెలివేస్తూ తీర్మానం చేశారు. మొత్తం పాతికమంది వాగు దారి పట్టారు. కొమ్ములింకా మొలవని మగపిల్లలు కూడా తల్లుల వెంట వెళ్ళిపోయారు. తీర్మానంలో వాళ్ళ ప్రస్తావన లేదు. పిల్లలున్న సంగతి సంఘానికి తట్టలేదు.

వాగులో పని గట్టిగా సాగింది. ఒకరు తవ్వితే ఒకరు ఇసుక తోసేవారు. ఒకరు గట్టు మీద చెవులు నిక్కించి నిలబడేవారు. ఒక చెలమను తోడాక మర్నాడంతా దాన్ని వదిలేసి పక్కదాని దగ్గరికి వెళ్ళేవారు, నీరు ఊరడానికి. అందుకోసం కమిషనేమీ వేసుకోలేదు.

అక్కడ నాలుగో రోజు సాయంత్రం పన్నెండు మగదుప్పులు కొమ్ములెత్తుకుని మడుగుకు వెళ్ళాయి. దాహంతో నాలుకలు పిడచకట్టుకుపోయి ఉన్నాయి. ఒక్కరూ పైకి చూడలేదు. పైకి చూస్తే గుర్తున్నట్టే కదా! చిరుతదొర దూకాడు. పదకొండు దుప్పులు తిరిగొచ్చాయి.

ఆ రాత్రి సంతాప సభ జరిగింది. పోయినవాడిది వీరమరణం అన్నారు. మడుగు గట్టున ఒక పలక నిలబెట్టి పేరు చెక్కించారు. తర్వాత మూడు రోజులు నియమంగా మరిచిపోయారు. నాలుగో రోజు పదకొండుమంది వెళ్ళి పదిమంది తిరిగొచ్చారు. పలక మీద రెండో పేరు చేరింది.

ఇలా ప్రతి నాలుగో రోజూ జరిగింది. చిరుతదొర ఒళ్ళు చేశాడు. మధ్యలో మూడు రోజులు నిబంధన ప్రకారం కాళ్ళు బారజాపి పడుకునేవాడు. వెతకడం, పొంచి పాకడం, వెంటపడి పరుగెత్తడం, అన్నీ మానేశాడు. ఏ పనీ లేదు, తిండి నడిచి వస్తోంది. రాబందు గారు ఉత్తర్వు అమలు తీరు పట్ల సంతృప్తి వెలిబుచ్చారు.

పలక మీద పదకొండు పేర్లు పడ్డాక మూడో నాడు మిట్టమధ్యాహ్నం రాయుడు ఒక్కడే వాగులోకి దిగాడు. డొక్కలు లోపలికి పోయాయి. కొమ్ముల బరువుకు మెడ వాలిపోయింది.

"ఎవరు పిన్నీ?" అంది మంకెన కూతురు.

"మీ నాన్న. పక్కకి జరుగు, నీళ్ళు తాగనీ."

రాయుడు ఇసుకలో మూతి పెట్టి చెలమను అడుగంటా పీల్చేశాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "గోరింటా, నీకో మాట చెప్పనా? ఎవరితోనూ అనకు."

"చెప్పు బావా."

"ఆ చప్పుడు నాకూ వినిపిస్తుంది. మీ అక్కది. ప్రతి రోజూ."

గోరింటకు మొదటిసారి అతని మీద జాలి వేసింది. "మరి రేపు వెళ్ళకు. ఇక్కడే ఉండిపో. పొద్దున్నే రాబందు గారి దగ్గరికి పోయి, నాకు గుర్తుందండీ, నేను చెప్పింది అబద్ధం అని చెప్పేయ్. నేనూ వస్తాను తోడు."

"అందరి ముందా?"

"అబద్ధం అందరి ముందే చెప్పావుగా."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏ నలుగురు బావా? అందరూ పోయారు కదా!"

రాయుడు కూతురి వైపు ఒకసారి చూశాడు. పిల్ల అతని కొమ్ములను వింతగా చూస్తోంది. తర్వాత మూతికంటిన ఇసుకను కాలికి రుద్ది తుడుచుకున్నాడు. ఎవరి కంటా పడకూడదని అటూ ఇటూ చూసుకుని గట్టెక్కాడు.

మర్నాడు సాయంత్రం ఒక్కడే మడుగుకు నడిచాడు. ఆఖరి అడుగు దగ్గర కొంచెం ఆగాడని, పైకి మాత్రం చూడలేదని పునుగయ్య నివేదికలో రాశాడు.

ఆ తర్వాత నాలుగో రోజు మడుగుకు ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజూ రాలేదు. చిరుతదొర కొమ్మ దిగి ఎదురొచ్చిన కుందేలు వెంటపడ్డాడు. మూడు గెంతులకే ఆయాసం వచ్చింది. వాగు వైపు పొంచి వెళదామనుకున్నాడు. ఎలా పొంచాలో తట్టలేదు. గట్టు మీది ఆడదుప్పి అర మైలు దూరం నుంచే కేక పెట్టింది. అడవిలో నిజంగా ఏదైనా మరిచిపోయిన జీవి ఉంటే అది ఆయనే. బురదలో ఎండ్రకాయలు పట్టుకు తిని కాలం వెళ్ళదీశాడు. మాటు పూర్తిగా కోలుకుందనీ, లోపం సహకరించని ఆడదుప్పులదేననీ రాబందు గారు అనుబంధ నివేదిక ఇచ్చారు.

తొలకరి పడింది. వాగు పారింది. పునుగయ్య తడిసిన వాసనతో గోరింట దగ్గరికి వచ్చాడు.

"అమరవీరుల ఫలకాన్ని ఆవిష్కరిస్తున్నామమ్మా. ఆ కుటుంబాల ఆడవాళ్ళంతా పిల్లాపాపలతో రావాలి. వెలి కూడా ఎత్తేశాం."

"ఎక్కడ?"

"మడుగు గట్టునే. నల్లమద్ది కింద."

"దొరగారు వస్తారా?"

"ముఖ్య అతిథి ఆయనే!"

"వేదిక వేశారా?"

పునుగయ్య గొంతు సవరించుకున్నాడు. "కొంచెం ఎత్తుగా ఉంటుంది."

గోరింట ఇద్దరు పిల్లల్నీ ముందుకు తోసి, కొత్త పచ్చిక మేయడానికి కొండ వైపు నడిచింది. మిగతా ఆడదుప్పులూ ఆమె వెంట కదిలాయి.

నీతి: ధైర్యవంతులకు ఫలకాలు దక్కుతాయి, పిరికిపందలకు మనవలూ మనవరాళ్ళూ దక్కుతారు.