మూడు రోజులకు మించి వాడరాదు

ముక్కులో కొట్టుకునే స్ప్రే సీసా మీద 'మూడు రోజులకు మించి వాడరాదు' అని రాసి ఉంటుంది. నేను మూడేళ్ళుగా వాడుతున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మానవజాతికి దొరికిన వరాల్లో అది ముందు వరసలోదని కాసేపట్లో మీరే ఒప్పుకుంటారు!

పొద్దున్నే ముక్కు దిబ్బడ. నుదుటి మీద ఎవరో ఇసుక బస్తా దించి వెళ్ళినట్టుంటుంది. ఒక్క నొక్కు నొక్కండి. తుస్! రెండు నిమిషాల్లో గాలి ఈల వేసుకుంటూ లోపలికి వెళ్తుంది. ప్రభుత్వం, పబ్లిషరు, ఫ్లాట్ల సంఘం సెక్రటరీ... రెండు నిమిషాల్లో మీ బాధ తీర్చినవాళ్ళు వీళ్ళలో ఒక్కరున్నారా?

థ్రిల్లర్లు రాసి బతికేవాడిని కాబట్టి ఇందులోని కుట్ర నాకు మరీ నచ్చింది. మనకు పులి ఎదురైందనుకోండి. ఒంట్లో అడ్రినలిన్ పుడుతుంది. రక్తనాళాల మీదా గుండె మీదా దానికోసమే కొన్ని తాళాలుంటాయి. అది తాళంచెవిలా దూరి తిప్పగానే నాళాలు బిగుసుకుంటాయి, గుండె పరుగు తీస్తుంది, చేతులు వణుకుతాయి. స్ప్రేలో ఉన్నది మారుతాళంచెవి. పులి లేకుండానే ఉందని ముక్కును నమ్మిస్తుంది. లోపల ఉబ్బిన నాళాలు హడలిపోయి ముడుచుకుంటాయి. గాలికి దారి దొరుకుతుంది. అంటే నా ముక్కు రోజుకు ఎనిమిదిసార్లు పులిని చూస్తోంది! కాలు కదపకుండా ఇంత సాహసం ఇంకెవరికి దక్కుతుంది?

మందు పని అయిపోగానే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. తాళాలు కూడా రానురాను మొండికేస్తాయి. ఒక నొక్కు చోట రెండు, రెండు చోట నాలుగు. డాక్టర్లు దీన్ని దుష్ఫలితం అంటారు. నేను సీరియల్ అంటాను. ఉత్కంఠలో ఆపేసి పాఠకుడి చేత మళ్ళీ వారం పత్రిక కొనిపించే విద్యలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ సీసా తయారుచేసినవాడు నన్ను మించిన రచయిత!

ఇక కేసులోకి వద్దాం. నాకు దవడపన్ను పుచ్చింది. మా ఆవిడ చెల్లెలు పళ్ళ డాక్టరు. పీకేయాల్సిందే అంది. రక్తం ఎక్కువ పోకుండా మత్తు ఇంజెక్షన్‌లో కూడా కాస్త అడ్రినలిన్ కలుపుతారట. అందుకని ముందు బీపీ చూసింది. నూట డెబ్బై!

"బావగారూ, మీ నవలల్లో పేజీకో శవం లేస్తుంది. మీరేమో పట్టకారు చూసి వణుకుతున్నారు!"

"శవం లేవదమ్మా, పడుతుంది."

"ఏదైతేనేం! బీపీ పడితేనే పన్ను ఊడుతుంది. ఇంటికెళ్ళండి."

రెండోసారి వెళ్తే నూట డెబ్బై ఎనిమిది. మూడోసారి నూట ఎనభై నాలుగు. విచిత్రం ఏమిటంటే పొద్దున్న పక్క దిగకముందు మా ఆవిడ చూస్తే కాస్త అటూ ఇటూగా మామూలే. డెబ్బై నవలలు రాసిన నేను పిరికివాడినని బంధువులందరికీ తెలిసిపోయింది. ఫోన్ చేసి ధైర్యం చెప్పడం మొదలుపెట్టారు. అన్నిటికంటే నొప్పి ఆ ధైర్యమే!

బీపీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ముక్కు సాఫీగా ఉండాలని గుమ్మంలోనే నాలుగు నొక్కులు కొట్టుకున్నాను. అక్కడా బీపీ ఆకాశంలోనే. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని ఆయన అడిగాడు. "ఏమీ లేవండీ" అన్నాను. అబద్ధం కాదు. మింగేది మందు, ముక్కులో కొట్టుకునేది మందెలా అవుతుంది? పైగా అసలు క్లూను మొదటి అధ్యాయంలోనే బయటపెట్టడం నా వృత్తిధర్మానికి విరుద్ధం.

ఆయన ఒక మాత్ర రాశాడు. అది ఆ తాళాల్లోనే అడ్డంగా కూర్చుని నాళాలను వదులు చేస్తుంది. మంచిదే. కానీ ముక్కులో నాళాలు కూడా వదులయ్యాయి! దిబ్బడ రెట్టింపైంది. స్ప్రే రెట్టింపు చేశాను. కుర్చీలోంచి చటుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్మేవి. ఒకే ఒంట్లో ఒకడు తలుపు లాగుతున్నాడు, ఇంకొకడు తోస్తున్నాడు. పన్ను మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా సలుపుతోంది. మూడు నెలలుగా ఎడమపక్కే నములుతున్నాను.

నాలుగోసారి మరదలు తేల్చి చెప్పింది. "ఈసారీ తగ్గకపోతే మిమ్మల్ని పెద్దాసుపత్రిలో పడేయడమే."

అలవాటు ప్రకారం కుర్చీ ఎక్కే ముందు బాత్రూంలోకి వెళ్ళాను. నోరు తెరుచుకుని కూర్చునేవాడికి ఊపిరి పీల్చడానికి ముక్కే కదా దిక్కు! ఒక్కో పుటలో నాలుగు నొక్కులు కొట్టుకుని తలుపు తీశాను. ఎదురుగా నడుం మీద చేతులు వేసుకుని మరదలు.

"ప్రతిసారీ ఇదే టైముకి లోపలికెందుకెళ్తారు బావగారూ?"

"చేతులు కడుక్కోవడానికి."

"పొడిగా ఉన్నాయే!"

నా నవలల్లో ఒక్క డిటెక్టివ్ కూడా ఇంత శుభ్రంగా నేరస్తుణ్ణి పట్టుకోలేదు. జేబులోంచి సీసా తనే తీసింది.

"ఎన్నాళ్ళుగా?"

"మూడు..."

"రోజులా?"

"ఏళ్ళు."

వెంటనే ఫోన్ తీసింది. "అక్కా, మీ ఆయన దొరికిపోయాడే!"

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు. స్ప్రేని ఒక్కసారిగా మానలేనివాళ్ళు ముందు ఒక ముక్కుపుటలో మానాలట, అది తేరుకున్నాక రెండోదాంట్లో. ఎడమది రెండు వారాలు ఏడ్చి, ఏడ్చి, ఒక ఉదయం తనంతట తానే తెరుచుకుంది. బీపీ దిగింది. మాత్ర అక్కర్లేదన్నారు. పన్ను ఊడి ఇప్పుడు నా బల్ల మీద కాగితాలకు బరువుగా ఉంది.

మరి 'మూడు రోజులకు మించి వాడరాదు' అన్న మాట నేను ఎప్పుడు చదివానంటారా? పట్టుబడిన రోజునే, మరదలు పళ్ళు చూసే భూతద్దంలోంచి! 'తక్షణ ఉపశమనం' అన్నది బొటనవేలంత ఉంది. హెచ్చరిక చీమ కన్నంత ఉంది, అదీ సీసా లేబుల్ మడతలో. ఇంటికొచ్చి మండిపడ్డాను.

"క్షణం సుఖం చూపించి, సాయంత్రానికి మళ్ళీ ఊపిరాడకుండా చేసి, మనిషిని ఏళ్ళ తరబడి తన చుట్టూ తిప్పుకోవడం! వీళ్ళకి మనస్సాక్షి లేదా?"

మా ఆవిడ నా సీరియల్ చదువుతోంది. తల ఎత్తలేదు.

"ఇది ఎన్నో వారమండీ?"

"నూట పన్నెండు."

"హంతకుడెవరో చెప్పేయొచ్చుగా?"

ఆ సీరియల్ మీద చీమ కన్నంత హెచ్చరిక కూడా లేదు.

పాఠకులారా, నేను మారాను. కానీ ఏదైనా ఒక్కొక్కటే మానాలి కదా! ఇంకా కుడి ముక్కుపుట మిగిలి ఉంది.