లియొంతీన్ గారి చావు చీజు

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది అన్నది ముందే చెప్పడం మర్యాద. జరిగింది లియొంతీన్ గారికి. తన అంత్యక్రియల కోసం నేలమాళిగలో దాచుకున్న చీజును, ఆమె ఇంకా నిక్షేపంగా బతికుండగానే, కొందరు పెద్దమనుషులు చాక్లెట్‌తో కలిపి ఆరగించారు.

మా స్విస్ కొండ ఊళ్ళలో పెళ్ళినాడే ఒక చీజు చక్రాన్ని పక్కన పెట్టుకుంటాము. మనిషి పోయాక దాన్ని కోసి, వచ్చినవారికి పంచుతారు. తిన్న ప్రతివారూ పోయినవారి గురించి ఒక మంచిమాట, అదీ నిజమైన మాట, చెప్పి తీరాలి. చివర్లో ఎలాగూ చెప్పక తప్పదు కనుక, బతికున్నవారిని పొగిడే దుబారాకు మా ఊరు ఏనాడూ పాల్పడలేదు.

లియొంతీన్ గారి కోడలు సొలాంజ్ పట్నపు పిల్ల. మా ఊరికి ‘రుచుల గ్రామం’ అన్న బిరుదు ప్రసాదించడానికి పర్యాటక సంఘం వారు విచ్చేస్తున్నారని, తినుబండారాలు పేర్చే విందు పలకను అలంకరించే బాధ్యతను ఆమె స్వీకరించింది. పలకగా తన భర్త పసితనంలో ఊగిన ఉయ్యాల అడుగుచెక్కను ఎంచుకుంది. దానిపై సముద్రాలు దాటి వచ్చిన అంజూరపళ్ళు కొలువుదీరాయి. పెరట్లోని బేరిపళ్ళకు ప్రవేశం లభించలేదు. తురిమిన నల్ల చాక్లెట్‌ను కొండమట్టిలా చల్లింది. మధ్యన మాత్రం ఖాళీ మిగిలింది. అక్కడ చరిత్ర ఉండాలని నిర్ణయించి, నేలమాళిగలోకి దిగింది.

చరిత్ర బండరాయిలా ఉంది. పైన అరిగిన అక్షరాల్లో అత్తగారి పేరు చెక్కి ఉంటే, ఏదో ఖరీదైన కంపెనీ ముద్ర అనుకుంది. కత్తి విరిగింది. రంపం తెప్పించింది. ఆపై వడ్రంగి చిత్రికతో గులాబీరేకుల్లా చెక్కి, చాక్లెట్ మట్టిలో నాటింది. చావు చీజుకు అంతకంటే తగిన అలంకరణ ఎవరికి తోస్తుంది?

సంఘాధ్యక్షుడు ఒక రేకు నోట వేసుకుని కళ్ళు మూశాడు. “ఇందులో ఎండుగడ్డి ఉంది, ఉరుము ఉంది, ఏదో చెప్పరాని వియోగం ఉంది!” అన్నాడు.

మా ఊరి పెద్ద గాస్పార్ లేచాడు. “ఇదంతా మా నాన్నగారు పెట్టిన భిక్ష! చీజు పోటీలో ఊరికి బంగారు పతకం తెచ్చిన చెయ్యి ఆయనది!” అని, రెండో రేకు తీసుకున్నాడు.

అప్పుడు వచ్చింది లియొంతీన్, ప్రార్థన ముగించుకుని, నల్లదుస్తుల్లో.

“సొలాంజ్, ఆ చీజు ఎక్కడిది?”

“మన కిందగదిలోదే అత్తయ్యా. ఎన్నాళ్ళనుంచో ఎవరూ తినట్లేదని...”

“నేను చావట్లేదని తినలేదమ్మా.”

ఆమె కుర్చీ లాక్కుని, పలక ముందు కూర్చుని, చేతులు రొమ్ముమీద కట్టుకుని కళ్ళు మూసుకుంది.

“తిన్నారుగా. ఇక కానివ్వండి.”

ఊరివాళ్ళం పాలిపోయాము. సంఘాధ్యక్షుడికి ఆచారం ఏమిటో చెవిలో చెప్పవలసి వచ్చింది.

“మీరు... చాలా దయగలవారు,” అన్నాడాయన.

“నన్ను ఇప్పుడేగా చూశావు బాబూ! నిజం చెప్పాలి.”

“మీ చీజు బాగుంది.”

“చెల్లింది.”

ఆమె క్రమం తప్పక గుడికి వస్తుందన్నాడు పాదిరి. “మీ ప్రసంగంలో నిద్రపోతాను. అయినా చెల్లింది,” అంది. కాన్వెంటులో ఆమె పక్కన కూర్చుని చదివిన నేను, ఆమె ఏనాడూ అబద్ధమాడలేదన్నాను. పొగడ్తలా కాక ఫిర్యాదులా వినిపించింది. అదీ చెల్లింది.

“గాస్పార్, నీ వంతురా. నువ్వు రెండు తిన్నావు. ఒకటి మీ నాన్న పేరు మీద.”

గాస్పార్ బల్ల వంక చూశాడు. “ఆ పతకం... అది తెచ్చిన చీజు నాన్న చెయ్యలేదు పిన్నీ. నువ్వు చేశావు. పోటీలో ఆడవాళ్ళ పేరు రాయరని తన పేరు రాయించుకున్నాడు.”

“గట్టిగా చెప్పు. పట్నం వాళ్ళకు వినపడలేదు.”

గట్టిగా చెప్పాడు.

లియొంతీన్ కళ్ళు తెరిచింది. చివరి రేకును చాక్లెట్‌లో అద్ది నమిలింది. “కోడలా, ఇది బాగానే కుదిరింది. ఇక నేను పోయినా మీరెవరూ రానక్కర్లేదు. నాకు రావలసినదంతా ముట్టింది.”

ఆ సాయంత్రమే గాస్పార్ పతకం తెచ్చి ఆమె మెడలో వేశాడు. మిగిలిన మేమంతా గబగబా ఇళ్ళకు వెళ్ళి, బతికున్నవాళ్ళ గురించి మంచిమాట చెప్పవలసిన గతి మళ్ళీ పట్టకుండా, నేలమాళిగలకు తాళాలు వేసుకున్నాము.