ఇనుప తలుపు వెనక ఇంటర్నెట్టు

బుధవారం పొద్దున కైలాసం వేసుకున్న ప్లాను చిన్నదే. చాయ్ తాగడం, మార్కెట్ యార్డుకు పోయి మొహం చూపించి రావడం, పదకొండు గంటలకల్లా ఇంటికి చేరి దొంగను పట్టుకోవడం. దొంగ ఎవరో ఆయనకు ముందే తెలుసు. గోడ అవతలి ఐలయ్య. పోతున్నది ఏమిటో కూడా తెలుసు. తన ఇంట్లోని ఇంటర్నెట్టు. లేనిదల్లా సాక్ష్యమే.

కైలాసం సూర్యాపేటలో ధాన్యం కమీషన్ వ్యాపారి. నలభై ఏళ్ళలో ఏనాడూ బస్తా మూతి దగ్గరి గింజల్ని నమ్మలేదు. మోచేతిదాకా చెయ్యి దింపి, అడుగున ఉన్న గింజలు పైకి తీసి, కొరికి చూస్తే తప్ప మనసు కుదుటపడేది కాదు. ఈ అలవాటు బస్తాలతో ఆగితే బాగుండేది. పాలవాడిని అనుమానిస్తాడు, కరెంటు మీటరును అనుమానిస్తాడు, భార్య కమలమ్మ వంకాయ కూర అని చెప్పినా మూత తీసి చూస్తాడు. ఇంట్లో ఆయన అనుమానించని మనిషి ఒక్కరే, కోడలు వర్షిణి.

వర్షిణిది కోదాడ. హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం, చేసేది ఇంటి నుంచి. భర్త శశిధర్ రోజూ మిర్యాలగూడ పోయి రైస్ మిల్లు చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాడు. నెల రోజులుగా ఆమె మీటింగులు నడిమధ్యలో తెగిపోతున్నాయి. బుధవారం పదకొండు గంటల మీటింగు కూడా తెగితే ఒకటో తారీఖు నుంచి ఆఫీసుకు వచ్చి కూర్చోవాల్సిందేనని ఆమె సారు తేల్చేశాడు. అంటే కోడలు అక్కడ హాస్టల్లో, కొడుకు ఇక్కడ మిల్లులో. పెళ్ళయి ఏడాది కూడా తిరగలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి కైలాసానికి అన్నం సయించడం లేదు. అదీకాక, సాయంత్రం చాయ్ తాగుతూ యార్డు కబుర్లు అడిగేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

నెట్టు బిగించడానికి వచ్చిన నగేష్ మొదటి రోజే చెప్పాడు. "డబ్బ ఇంటి నడుమ, జర ఎత్తు మీద పెట్టాలె సేటూ. అప్పుడే అన్ని రూములకు అందుతది."

"నడుమ పెడితే వచ్చెటోడు పోయెటోడు సూడడా? ఎత్కపోతే ఎవడు జవాబుదారి?" అన్నాడు కైలాసం.

కరెంటుతో నడిచే వస్తువు ఏదైనా ఆగ్నేయంలోనే ఉండాలన్నది ఆయన వాస్తు. ఆ మూల సామాన్ల గది ఉంది. ఆ గది గోడలో తండ్రి కట్టించిన అలమర ఉంది. అలమరకు మందపాటి ఇనుప తలుపు, దానికో పెద్ద తాళం. వైరు దూరేంత రంధ్రం పొడిపించి, రూటర్‌ను లోపల కూర్చోబెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ అలమర వెనక గోడకు అవతలే ఐలయ్య ముందు గది అన్న సంగతి అప్పుడు ఆయనకు పట్టలేదు.

నెట్టు నత్తనడక పట్టాక వర్షిణి మూడుసార్లు అడిగింది. "మామయ్యా, ఆ రూటర్‌ని హాల్లో పెట్టిద్దామండీ. ఇనుప తలుపు అడ్డం వస్తుంది కదా."

"తలుపు దొంగలకు అడ్డం బిడ్డా, నెట్టుకెందుకు అడ్డమైతది?" అని కైలాసం మూడుసార్లూ నవ్వి ఊరుకున్నాడు. నాలుగోసారి ఆమె అడగలేదు. అడగలేదు కాబట్టి ఒప్పుకుందని ఆయన అనుకున్నాడు.

తర్వాత తానే విచారణ మొదలుపెట్టాడు. ఫోను చేతబట్టి ఇల్లంతా తిరిగాడు. పడకగదిలో సిగ్నల్ ఒక్క గీత. హాల్లో ఒక్క గీత. వంటింట్లో అది కూడా లేదు. పెరట్లోకి పోయి, నీళ్ళ డ్రమ్మెక్కి, ఫోనున్న చెయ్యి ఐలయ్య గోడ మీదుగా చాపితే నిండా గీతలు. సరుకు తనది, నిల్వ ఐలయ్య ఇంట్లో! ఇంతకన్నా రుజువేం కావాలి?

సరిగ్గా అప్పుడే అటువైపు జుట్టు ఆరబెట్టుకుంటున్న ఐలయ్య భార్య దుర్గమ్మ గోడ మీద తలకాయను చూసి కెవ్వుమంది. ఐలయ్య పరుగున వచ్చాడు.

"ఏంది సేటూ, గోడను కొలుస్తున్నవా?"

"గోడ నాకెందుకయ్యా?"

"మరి డ్రమ్ము ఎందుకెక్కినవ్?"

ఉన్నమాట చెప్తే దొంగ జాగ్రత్తపడతాడు. అందుకని కైలాసం, "గాలి కోసం" అన్నాడు. ఐలయ్య నమ్మలేదు. చివ్వెంల దగ్గర పొలం గట్టు విషయంలో ఒకసారి మోసపోయినవాడు. మర్నాడే టేపు తెచ్చి గోడ కొలుచుకుని, పొడవునా ఎర్రరంగు గీత గీసుకున్నాడు. ఆ గీత చూసి కైలాసం తల పంకించాడు. తప్పు చేసినవాడు కాకపోతే గీతలెందుకు గీస్తాడు?

నగేష్‌ను పిలిపించి పాస్‌వర్డ్ మార్పించాడు. వారంలో మూడుసార్లు మార్పించాడు. మూడోసారి నగేష్‌కు విసుగొచ్చింది. "పాస్‌వర్డ్ కాదు సేటూ, డబ్బ జాగ మార్చాలె."

"అవునుగని, నీది ఏ ఊరు?"

"చివ్వెంల."

"ఐలయ్యది గూడ చివ్వెంల్నే గదా?"

నగేష్ ఏమీ మాట్లాడకుండా బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. మాట్లాడలేదన్న విషయాన్ని కూడా కైలాసం మనసులో రాసిపెట్టుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే ఉపాయం. నల్లా బందు చేస్తే నీళ్ళు పట్టుకునేవాడు తానే బయటికి వస్తాడు. బుధవారం పదకొండుకు రూటర్ స్విచ్ ఆపి, గోడవతల ఎవరు గగ్గోలు పెడతారో వినాలి. మీటింగుకు అడ్డమొస్తుందన్న భయం లేదు. ముందురోజే వర్షిణిని అడిగాడు.

"రేపు మీటింగు ఎట్ల బిడ్డా?"

"కోదాడ వెళ్ళి అమ్మవాళ్ళింట్లో చూసుకుంటాను మామయ్యా."

పొద్దున తొమ్మిదింటికి బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళింది కూడా. కమలమ్మ గేటుదాకా వెళ్ళి సాగనంపింది.

యార్డులో కాస్త ఆలస్యమై, పదకొండుంబావుకు కైలాసం సామాన్ల గదిలో చెప్పులిప్పి నిలబడ్డాడు. గోడవతల టీవీలో ఎవరో ఆవిడ వంట చెబుతోంది. "ఇప్పుడు ఉల్లిగడ్డలు దోరగా..." కైలాసం ఇనుప తలుపు తెరిచి, స్విచ్ ఆపి, అలవాటు కొద్దీ మళ్ళీ తాళం వేశాడు. టీవీ ఆవిడ అక్కడే ఆగిపోయింది. రెండు క్షణాలకు ఒక ఆడగొంతు "అయ్యో!" అంది.

కైలాసం ఒళ్ళు పులకించింది. సందు తిరిగి, ఐలయ్య గేటు తోసుకుని, "దొరికినవ్! దొరికినవ్!" అంటూ లోపలికి దూసుకుపోయాడు.

ఐలయ్య టేపు పట్టుకుని ఎదురొచ్చాడు. "గోడ నాది సేటూ! మా అయ్య కట్టిండు!"

"గోడ ఎవనికి గావాలె? నెట్టు నాది!"

"నెట్టా? గోడ సంగతి మాట్లాడు ముందు!"

ముందు గది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో వర్షిణి. చెవులకు హెడ్‌ఫోన్, మెడలో కంపెనీ ఐడీ కార్డు. వెనక బల్ల మీద లాప్‌టాప్, దానిలో పన్నెండు మంది మొహాలు కదలకుండా బిగుసుకుపోయి ఉన్నాయి.

"మామయ్యా, మనింట్లో కరెంటు పోయిందా?"

కైలాసం ఒక అడుగు వెనక్కి వేశాడు. "లేదు బిడ్డా. నేనే తీసిన. నువ్వు కోదాడ పోలే?"

"వారం నుంచి ఇక్కడే కూర్చుంటున్నాను మామయ్యా. మీ తలుపు మనవైపే అడ్డం. వీళ్ళవైపు ఉత్త గోడేగా, మన నెట్టు ఇక్కడికే బాగా వస్తుంది. చెప్తే బాధపడతారని..." లాప్‌టాప్ వైపు చెయ్యి చూపించింది. "ఆర్నెల్ల పని చూపిస్తున్నాను ఇప్పుడే. సగంలో ఉన్నాను."

ఆమె తిట్టి ఉంటే కైలాసం తట్టుకునేవాడు. తిట్టలేదు. కళ్ళు తుడుచుకుని, ఆగిపోయిన మొహాల వైపే చూస్తూ నిలబడింది. నలభై ఏళ్ళలో ఎవరి బస్తాలోనూ కనబడని తాలు గింజ తానేనని ఆయనకు ఆ క్షణంలో అర్థమైంది.

అరవై రెండేళ్ళ మనిషి ఆ సందులో పరుగెత్తడం వీధి మొత్తం చూసింది. తొందరలో తాళంచెవి తిరగలేదు. కమలమ్మ వచ్చి ఆయన చెయ్యి పక్కకు నెట్టి తాళం తీసింది.

"నీకు ముందే ఎరుకనా?" అన్నాడు కైలాసం రొప్పుతూ.

"రోజు చాయ్ గూడ గోడ మీదికెల్లే అందిస్తున్న. మీరు డ్రమ్మెక్కిన జాగల్నే" అంది కమలమ్మ.

స్విచ్ వేయగానే రూటర్ లైట్లు ఎర్రగా మిణుకుమని, చాలాసేపటికి ఆకుపచ్చగా మారాయి. కైలాసం మళ్ళీ పరుగెత్తి, ఐలయ్య వాకిట్లో కాపలాగా నిలబడ్డాడు. టేపుతో వస్తున్న ఐలయ్య చేతులు పట్టుకుని, "నీకు దండం పెడత. గోడ నీదే. జర సప్పుడు చెయ్యకు" అన్నాడు. లోపల టీవీలో వంటావిడ, "...వేగనివ్వండి" అని వాక్యం పూర్తి చేసింది. ఆ హడావిడిలో కైలాసం దాన్ని పట్టించుకోలేదు.

వర్షిణి హెడ్‌ఫోన్‌లో సారు గొంతు వినిపించింది. "అక్కడేంటమ్మా, ఎవరో గోడ గోడ అంటున్నారు?"

"మా మామయ్య నెట్ సరిచేయిస్తున్నారు సార్" అంది వర్షిణి.

అవతల ఒకరిద్దరు నవ్వారు. సారు మాత్రం, "ఈసారికి సరే. పూర్తిగా సరిచేయించమనండి" అన్నాడు. మీటింగు పన్నెండున్నరకు ముగిసింది, మళ్ళీ తెగలేదు.

ఆ సాయంత్రమే నగేష్ వచ్చి రూటర్‌ను హాలు నడుమ, తల కన్నా ఎత్తున గోడకు బిగించాడు. కైలాసం ఆగ్నేయం ఊసెత్తలేదు. పడకగదిలో నిండా గీతలు, వంటింట్లోనూ నిండా గీతలు. కమలమ్మ బలవంతం మీద స్టీలు డబ్బా నిండా బూందీ లడ్డూలు పట్టుకుని ఐలయ్య ఇంటికి పోయి, దొంగ అనుకున్నందుకు తప్పయిందని చెప్పుకున్నాడు. ఐలయ్య పెద్దమనసు చేసుకుని డబ్బా తీసుకున్నాడు.

ఆదివారం కైలాసం వర్షిణితో కూర్చుని చాయ్ తాగుతుండగా పెరటి గోడ మీద ఐలయ్య తలకాయ లేచింది.

"సేటూ, గోడ సంగతి ఇడిసిపెట్టిన. అది కాదు గని, మీ డబ్బ జాగ మార్చిండ్రంట గదా?"

"అవును. ఏమైంది?"

"గప్పటిసంది మా టీవీల ఒక్క ప్రోగ్రాం సక్కగ వస్తలేదు. దుర్గమ్మ పరేషాన్ చేస్తుంది. జర ఆ ఇనుప తలుపు ఎనకనే పెట్టరాదు? గాడ మంచిగుండె."

కైలాసం నెమ్మదిగా కోడలి వైపు తిరిగాడు. వర్షిణి చాయ్ కప్పులోకి చూస్తూ, "గది ఇచ్చారు కదా మామయ్యా, మొహమాటపడి పాస్‌వర్డ్ చెప్పాను. మీరు మార్చినప్పుడల్లా మళ్ళీ చెప్పాను" అంది.

నలభై ఏళ్ళలో కైలాసం అనుమానం నిజం కావడం అదే మొదటిసారి. లడ్డూల డబ్బా మాత్రం ఐలయ్య ఇంకా తిరిగివ్వలేదు.