సముద్రంలో మొలిచిన చెట్లు

ఆ రోజు పొద్దున పటాలాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, ఊళ్లో చెట్ల లెక్క ఉన్న ఫైలును కంప్యూటర్‌లో గుండ్రంగా తిరిగే భూగోళం మీద కనబడేలా మార్చాలి, భోజనం వేళకల్లా తన ఇంటి ముందు చెట్టును దాని మీద కళ్లారా చూసుకోవాలి. అంతే.

ఆ లెక్క కట్టింది ఆయన భార్య. రెండు వేసవులు వీధి వీధీ తిరిగి పద్నాలుగు వందల పన్నెండు చెట్లు రాసింది. చేతిలో జీపీఎస్ పెట్టె పట్టుకుని, చెట్టుకు వీపు ఆనించి, అంకెలు కుదురుకునేదాకా కదలకుండా నిలబడేది. ఒక్కో చెట్టుకు రెండు అంకెలు, ఉత్తరానికి ఎంత, తూర్పుకు ఎంత అని. లెక్క పూర్తయిన నెల తిరక్కుండా జ్వరమొచ్చి పోయింది. ఫైలు ఎనిమిది నెలలు బీరువాలో పడి ఉంది. ఇన్నాళ్లకు దాని మొహం చూసే తీరిక ఆఫీసుకు దొరికింది.

పటాలాయన ముప్పై ఏళ్లు పటాలు గీసినవాడు. కాగితం దగ్గర చెయ్యి తిరిగినవాడే గానీ, కంప్యూటర్ దగ్గర కొత్త కోడలి వాటం. ఉత్తరం అంకె ముందు, తూర్పు అంకె వెనక ఉన్న ఆవిడ పట్టికను ఉన్నదున్నట్టు ఎక్కించి మీట నొక్కాడు. ఆ భూగోళానికి తూర్పు అంకె ముందుండాలని ఆయనకెవరూ చెప్పలేదు. ఫలితం చూసుకునే లోపే పై అధికారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది.

"ఫైలు అన్ని శాఖలకూ పంపించేశాను. హాల్లో గోడ మీద చూద్దాం రండి" అన్నాడు పై అధికారి.

ఇరవై మంది చూస్తుండగా భూగోళం గిర్రున తిరిగి, ఊరిని దాటి, దేశాన్ని దాటి, నీళ్ల మధ్యలో ఆగింది. నట్టనడి సముద్రంలో పచ్చటి చుక్కలు బారులు తీరి కనబడ్డాయి.

"ఇవి చెట్లా, చేపలా?" అన్నాడెవరో వెనకనుంచి. హాలంతా నవ్వింది.

"ఎవరండీ ఈ లెక్క కట్టింది?" అన్నాడు పై అధికారి.

"మా ఆవిడండీ."

నవ్వు టక్కున ఆగింది. "అయ్యో. పోనీలెండి, పోయినావిణ్ని ఏమంటాం" అన్నాడు పై అధికారి. పటాలాయనకు నవ్వే నయమనిపించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు నీళ్ల లారీ డ్రైవరు వచ్చాడు. "బాబాయ్, మొక్కలకు నీళ్లు పొయ్యమని కాగితమిచ్చారు. సముద్రానికి పొయ్యాలా? దానికేం తక్కువైందని?" ఆ తర్వాత ఓడరేవు ఆఫీసు నుంచి ఉత్తరం: ఓడల దారిలో పద్నాలుగు వందల పన్నెండు చెట్లు ఎవరి అనుమతితో నాటారు? ఎవరూ జవాబివ్వకపోతే, ఈలోగా అవి ఎంత ఎత్తు పెరిగాయో తెలపమని ఇంకో ఉత్తరం.

పటాలాయన ఇంటి ముందు చెట్టు కింద మాత్రం రంపం మేస్త్రీ ముగ్గురు మనుషులతో ఊరికే కూర్చుని ఉన్నాడు.

"రోడ్డు వెడల్పు చెయ్యాలి సార్. అడ్డొచ్చేవి తొమ్మిది వందల చెట్లు. కాకపోతే భూగోళం మీద చెట్టు ఎక్కడుందో చూపించందే రంపం పెట్టకూడదని రూలు. చూస్తే అన్నీ నీళ్లలో ఉన్నాయి. ఎవరు చేశారో గానీ, ఈ చెట్లకు ఇంకా ఆయువుంది" అని నీడలో నడుం వాల్చాడు.

ఓడరేవు వాళ్ల మూడో ఉత్తరానికి పై అధికారి ఓపిక చచ్చిపోయింది. 'లెక్క తప్పులతడక. లెక్కించిన మనిషి అజాగ్రత్త. కొట్టివేయడమైనది' అని నోటు రాయించి, టైపు కొట్టి తెమ్మని పటాలాయనకే ఇచ్చాడు. అజాగ్రత్త అన్న మాట పక్కన ఆవిడ పేరు ఉంది. ఆయన ఆ కాగితాన్ని పక్కన పెట్టేశాడు.

భూగోళం తెరిచి ఆ చుక్కల్నే చూస్తూ కూర్చున్నాడు. ఒక వరసలో మూడు చుక్కలు, కొంచెం ఖాళీ, మళ్లీ రెండు, తర్వాత వంపు. అది తన వీధే. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఆవిడ అంకెలు ఆవిడ పెట్టినట్టే ఉన్నాయి. భూగోళం కోసం వెనక అంకెను ముందుకు తేవాల్సింది తను, తేలేదు.

సాయంత్రం కూతురికి చెప్పాడు.

"నాన్నా, ఎవరికీ చెప్పకు. అలాగే ఉండనీ" అంది కూతురు.

"లెక్క తప్పంటే మీ అమ్మ ఊరుకునే మనిషేనా?"

"చెట్టు కొట్టేస్తామంటే ఊరుకునే మనిషేనా?"

రెండూ నిజమే. ఆయన కంచం ముందునుంచి సగంలోనే లేచాడు. ఇంత శ్రద్ధగా కట్టిన లెక్క అని తెలిశాక ఆ చెట్ల మీద రంపం పెట్టడానికి ఎవరికి మాత్రం చెయ్యి వస్తుంది అని తనకు తనే చెప్పుకున్నాడు. పొద్దున్నే వెళ్లి అంకెల స్థానాలు మార్చాడు. సముద్రం ఖాళీ అయిపోయింది. ఊరు పచ్చబడింది.

"తప్పు మీదా? మరి ఇన్నాళ్లూ చెప్పరేం?" అన్నాడు పై అధికారి.

"నిన్నటిదాకా నాకూ తెలీదండీ. ఆవిడ తప్పు రాయదని మాత్రం తెలుసు."

టేపు పట్టుకుని పది చెట్లు కొలిచి చూశారు. చుక్కకూ మానుకూ మధ్య రెండడుగుల తేడా లేదు. పై అధికారి పాత నోటు చింపేసి, ఇలాంటి లెక్క మన ఆఫీసులో ఇంతకుముందు లేదని కొత్త నోటు రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పటాలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, అవి మళ్లీ మళ్లీ మసకబారాయి.

సోమవారం రంపం మేస్త్రీ ఫోను చూసుకుంటూ నేరుగా వచ్చి ఇంటి ముందు చెట్టు మీద చెయ్యి వేశాడు.

"ఇంత కచ్చితంగా ఉంటే మాకు వెతుక్కునే పనే లేదు సార్. ఎవరు రాశారో గానీ పుణ్యాత్ములు" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ కూతురు లోపలికి వెళ్లి కిటికీ మూసింది. రంపం మోత వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి మెల్లగా నడిచి వెళ్లింది. వారం తిరిగేసరికి వీధిలో ఆకాశం ఎక్కువైంది.

నెలాఖరున, మిగిలిన చెట్ల కొత్త జాబితాను భూగోళం మీదకు మార్చమని పై అధికారి పంపించాడు. పటాలాయన తూర్పు అంకెను ముందు పెట్టి మీట నొక్కాడు. ఈసారి ఫైలు చిన్నది, తొందరగానే అయిపోయింది.